పంతొమ్మిదో బిళ్ల

మంగమ్మ ఆ రోజు అడిగింది ఒక్కటే.

"సారూ, ఇయ్యాల లోపలికి పోలేను. షెడ్డుల కూసోని తాలు కాయ ఏరుత. ఎముకల్ల సూదులు గుచ్చినట్టున్నది."

రెండేళ్ల కిందటి ఏప్రిల్ అది. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీ. అంత పొడుగు పేరు మా నోళ్లకు పట్టదు, ఏసీ అంటాం. బయట నలభై మూడు డిగ్రీల ఎండ, లోపల ఐదు డిగ్రీల చలి. లోపల బస్తాలు కుట్టడం, బయట షెడ్డులో తాలు కాయ, అంటే రంగు పోయిన కాయ, ఏరడం ఆడవాళ్ల పని. మిర్చిని ఏసీలో ఏసి, మనిషిని మిర్చికి కాపలా ఏసి, ఇద్దరి మీదా తలుపేసి డబ్బు చేసే వ్యాపారం.

మేనేజరు వెంకటేశ్వరరావు మధిర వైపు మనిషి. మెత్తగా మాట్లాడతాడు, అరటిపండులో సూది పెట్టినట్టు.

"చూడు మంగమ్మా, ఇక్కడ కూర్చుని చేసే ఉద్యోగం నాదొక్కటే. అది ఖాళీ లేదు."

నేను గేటు గుమాస్తాను. కోటేష్ నా పేరు, కోతల కోటేష్ ఊరు పెట్టిన పేరు. ఖమ్మం మార్కెట్లో బస్తాలు మోసే అన్నలూ, ఆ పక్కనే కోచింగ్ కాలేజీలకు పుస్తకాలు మోసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీలో సగంమంది నా జోకులకు నవ్వినవాళ్లే. ఆ రోజు కూడా నా నోరు ఊరుకోలేదు.

"మంగమ్మా, ఎముకల్ల సూదులుంటే మంచిదే గదనే! బస్తాలు కుట్టనీకి దబ్బనం అడగవు!"

అందరూ నవ్వారు. మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. మంగమ్మ కూడా నవ్వింది. నన్ను ఈనాటికీ తింటున్నది ఆ నవ్వే. నవ్వుతూనే చీర కొంగు చెవులకు చుట్టుకుని లోపలికి పోయింది.

రెండు గంటల తర్వాత గోనెపట్టాల మీద ఆమెను బయటికి మోసుకొచ్చారు. చేతులూ కాళ్లూ వంకర్లు పోయి, నొప్పితో పళ్లు గిట్టకరుచుకుని ఉందట. ఆటోలో వేసి భద్రాచలం దవాఖానకు పరుగెత్తారు. గోదావరి వంతెన రాకముందే ప్రాణం పోయిందన్నారు. పోస్టుమార్టంలో నెత్తుటి పరీక్ష చూసిన డాక్టరు చెప్పాడట, సికిల్ సెల్ అని. నెత్తుటి కణాలు గుండ్రంగా ఉండాల్సింది కొడవళ్లలా వంగిపోతాయట. చలి తగిలితే, నీళ్లు తాగకపోతే, ఒళ్లు అలిసిపోతే ఆ కొడవళ్లు సన్న నరాల్లో అడ్డం పడతాయట. మా హమాలీ సంఘం ఎర్రజెండా మీద ఉన్న కొడవలి కోతకు పనికొచ్చేది. మంగమ్మ నెత్తుట్లో కొడవలి మంగమ్మనే కోసింది. పదును పెట్టింది మేనేజరు, పిడి పట్టుకుని నవ్వించింది నేను.

ఆ తర్వాతే బిళ్ల కథ మొదలైంది.

మా గేటు దగ్గర ఒక చెక్క ఉంది. దాని మీద రెండు వరసల మేకులు. పై వరస 'బయట', కింది వరస 'లోపల'. ఆడవాళ్లకు తలా ఒక ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద నంబరు. చలిగదిలోకి పోయేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు కింది మేకుకు మార్చాలి, వచ్చేటప్పుడు పై మేకుకు. లోపల మనిషి ఉండగా తలుపు మూసెయ్యకుండా ఈ ఏర్పాటు. మంగమ్మది పంతొమ్మిదో బిళ్ల. ఆమెను మోసుకుపోయినప్పుడు అది లోపలి మేకుకే ఉండిపోయింది. మర్నాడు నేనే తీసి పైన తగిలించాను.

ఆ మర్నాడు వచ్చేసరికి మళ్లీ కింది మేకుకు ఉంది.

మళ్లీ తీశాను. మళ్లీ ఉంది. వాచ్‌మన్ దూలయ్యను అడిగాను. మంగమ్మ ఊరి కోయ పెద్దమనిషి ఆయన.

"తాతా, నువ్వేనా?"

"నేనెందుకు పెడత? ఆమె లోపలుంటే ఆమె బిళ్ల లోపలుంటది."

"చచ్చిపోయింది గదా తాతా!"

"బయటికి వచ్చినప్పుడు ఊపిరి ఉన్నదా? నువ్వు చూసినవా?" అని బీడీ వెలిగించుకున్నాడు.

నేను చూడలేదు. ఆ పొద్దు లారీ కాగితాలు చూస్తున్నాను. ఒకనాడు మేనేజరు ఆ బిళ్లను తుమ్మ పొదల్లోకి విసిరేశాడు. మూడో రోజు మధ్యాహ్నానికి కింది మేకుకే వేలాడుతోంది, మట్టి తుడిచి మెరుస్తూ. ఇక ఆయనా ముట్టలేదు, నేనూ ముట్టలేదు. చలిగది తలుపు జరిపినప్పుడల్లా లోపలి నుంచి తెల్లటి ఆవిరి వచ్చి నా మొహానికి తగిలేది. అందులో నాకు ఒక నవ్వు వినబడేది. చలిలో చలనం ఉండదంటారు. నాకు మాత్రం ఆ చలే నడిచి వచ్చినట్టుండేది.

మరుసటి సీజనుకు మంగమ్మ చెల్లెలు ముత్తక్క పనికి వచ్చింది. వేసవిలో ఆ ఊళ్లో విప్పపువ్వు పది రోజులు, తునికాకు ఇరవై రోజులు, తర్వాత మిగిలేది మా గేటే. మేనేజరు పంతొమ్మిదో బిళ్ల ఖాళీగా ఉంది కదా, అదే ఇవ్వమన్నాడు. ముత్తక్క చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అది మా అక్కది. అక్క పనిల ఉన్నది."

ముప్పై ఒకటో నంబరు కొత్త బిళ్ల కొట్టించాను. మనుషులు ముప్పై మంది, బిళ్లలు ముప్పై ఒకటి.

ముత్తక్కకూ అదే రోగం. ఒకే తల్లి కడుపు, ఒకటే నెత్తురు. నెల తిరిగేలోపు కీళ్లు వాచాయి. అప్పుడు వాళ్ల ఊరి నుంచి పనికి వచ్చే కోయ ఆడవాళ్లు చేసిన పని నేను కళ్లారా చూశాను. వాళ్ల ఊళ్లో ఒక్కో ఇంటికి ఒక్కో విప్పచెట్టు ఉంటుంది. పువ్వు రాలే రోజుల్లో ఏ ఇంట్లోనైనా మంచాన పడ్డవాళ్లుంటే, మిగతావాళ్లు ముందు ఆ ఇంటి చెట్టు కింద పువ్వు ఏరి, వాళ్ల గుమ్మంలో గంప పెట్టి, తర్వాతే తమ చెట్టు కిందికి పోతారు. ఒక కట్టు ఉంది. చేసినవాళ్లు నోరు విప్పి చెప్పకూడదు. చెబితే చెట్టు అలుగుతుందట, మరుసటేడు పూయదట.

ఆ కట్టునే వాళ్లు చలిగది తలుపు దగ్గరికి తెచ్చారు. మొదట పుష్పలత, తర్వాత ఇంకొకరు, పన్నెండు మంది వంతులేసుకుని ముత్తక్క బదులు లోపలికి పోయేవారు. పోయేటప్పుడు ముత్తక్క బిళ్లను లోపలి మేకుకు మార్చేవారు. ముత్తక్క షెడ్డు మూల కూర్చుని తాలు కాయ ఏరేది. ఎవరూ ఒక్క మాట అనలేదు. నోరున్న కోటేషు కూడా ఒక సీజనంతా కళ్లు లేనివాడిగా బతికాడు. మంగమ్మకు ఇదన్నా చేద్దామనుకున్నాను. మేమంతా కలిసి చేస్తున్న తప్పు అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

ఈ ఏప్రిల్లో ముత్తక్కకు నొప్పులు ఎక్కువయ్యాయి. భద్రాచలం డాక్టరు మాత్రలిచ్చి కాగితం రాశాడు. చలిలోకి పోకూడదు, నాలుగు గంటలకు మించి పని చేయకూడదు, నీళ్లు ఎక్కువ తాగాలి. ఆమె దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆఫీసు గదికి పోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"సారూ, నాలుగు గంటలు చేస్త. షెడ్డులనే చేస్త. పనిల నుంచి మాత్రం తియ్యకుండ్రి."

మేనేజరు కాగితం చదివాడు. "సికిల్ సెల్లా? మొన్ననేగా చెప్పాను, పని దగ్గరకు సెల్లు తేవద్దని," అని తనే నవ్వాడు. ఎదుటివాడి నోట్లో ఉంటే తెలిసింది నా జోకుల వాసన ఎట్లా ఉంటుందో. తర్వాత, రోజూ బిళ్లలు చూసి నేను రాసే రిజిస్టరు తెప్పించాడు.

"ఇది చూడు ముత్తక్కా. పోయిన సీజనంతా ముప్పై ఒకటో నంబరు రోజూ లోపలే. ఒక్క పూట తప్పలేదు. మన ఏసీ మొత్తంలో నీ అంత ఆరోగ్యవంతురాలు లేదు. రోగం నిజమైతే ఈ రిజిస్టరు అబద్ధం. రిజిస్టరు నిజమైతే నీ కాగితం అబద్ధం. ఏది అబద్ధమో తేల్చుకుని రామ్మా. అప్పటిదాకా రేపట్నుంచి లోపల డ్యూటీ. నేనే దగ్గరుండి పంపిస్తా."

మా అందరి దయ కలిసి ఒక్కదాని మెడకు ఉరి పేనిందని అప్పుడు అర్థమైంది. ఆరోగ్యం, ఆరోగ్యం అని రాసుకుంటూ పోయాం. అక్షరాల మధ్య ఆ రోగం దాక్కునే ఉంది.

మధ్యాహ్నం అన్నాల వేళ హమాలీల రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. హమాలీ సంఘం పెద్ద భీమ్లా బస్తా మీద నిలబడ్డాడు. లంబాడా తండా మనిషి, గొంతు విప్పితే లారీ హారన్ ఎందుకూ పనికిరాదు.

"ఇప్పుడు చెప్పుండ్రి. ఏం చేద్దాం?"

జమ్లి లేచింది. ఆమెదీ ఆ తండానే, బస్తాలు కుడుతుంది. "ఏంది చేసేది? ఒక్కదాని కోసం ముప్పై మంది పొట్ట మీద కొట్టుకుందమా? రేపు గేటు మూస్తే నా పిల్లలకు నీ ఉపన్యాసం వండి పెట్టాల్నా?"

"ఒక్కదాని కోసం కాదే జమ్లీ!"

"మరెవరి కోసం? నాకు రోగం లేదు."

"లేదని ఎవరు చెప్పిండ్రు?" అంది పుష్పలత మెల్లగా. "సాయంత్రం బయటికి వచ్చినంక నీ ఏళ్లు సూది పట్టుకుంటున్నయా? నిన్న బస్తా కుట్టబోయి బొటనేలు కుట్టుకున్నవ్."

జమ్లి తన చేతుల వంక చూసుకుంది. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. "లోపలికి పోయినంక గంట వరకు నొప్పి తెలుస్తది. తర్వాత తెల్వదు. తెల్వకుండ ఐతున్నదే నాకు భయం."

"గదీ!" అన్నాడు భీమ్లా. "ఎవ్వరైనా సరే ఒక్కసారికి అరగంట మించి లోపల ఉండొద్దు, వంతులేసుకోవాలె. రోగమున్నోళ్లకు నాలుగు గంటలే, అది షెడ్డులనే, పని పోవొద్దు. చెల్లెకు దయ అడుగుతలేం, అందరికీ హక్కు అడుగుదాం. ఏమంటరు?"

"అవ్," అన్నారు కొందరు.

"అయితే రేపు మేనేజరు ముందట నిలబడి, ముత్తక్క బదులు మేం పోయినం అని చెప్పాలె. చెప్తరా?"

కోయ ఆడవాళ్లు తలలు దించుకున్నారు. భీమ్లాకు కోపం వచ్చింది. "భయమా?"

"భయం కాదు," అన్నాడు గుమ్మం దగ్గర నుంచి దూలయ్య. "చేసినోళ్లు చెప్పుకోవద్దు. అది మా కట్టు."

"తాతా, కట్టు కట్టు అంటే రేపు ఇంకో పాడె కట్టుడే ఐతది!"

దూలయ్య గేటు వైపు నడిచాడు. ముత్తక్క మోకాళ్లు పట్టుకుని మూల కూర్చుని ఉంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి గేటు ముందు ఆడవాళ్లూ హమాలీలూ గుమిగూడారు. రోడ్డు పొడుగునా మిర్చి లారీలు ఆగి ఉన్నాయి. గాలి నిండా ఘాటు. మేనేజరు చలిగది వరండా మెట్టెక్కాడు.

"ముత్తక్క పోయిన సీజను లోపలికి పోలేదంటున్నారట. సరే. మరి ఎవరు పోయారు? చెప్పండి, రాసుకుంటా. ఎవరు?"

ఎవరూ పలకలేదు. తుమ్ములూ, కళ్లలో నీళ్లూ తప్ప.

"చూశారా? ఎవరూ పోలేదు. పద ముత్తక్కా, లోపలికి."

ముత్తక్క నడిచింది. ఒక్కో అడుగుకూ కుడి మోకాలు పట్టేస్తోంది. మెట్టు దాకా వచ్చి, లోపలికి పోకుండా జనం వైపు తిరిగింది.

"చేసినోళ్లు చెప్పుకోవద్దు," అంది. "చేయించుకున్నదాన్ని నేను చెప్పొచ్చు. నాకే కట్టూ లేదు."

వేలెత్తి చూపింది. "పుష్పలత. హోలీ తెల్లారి నుంచి మూడు రోజులు. మూడో రోజు ముక్కు నుంచి నెత్తురు కారినా చెప్పలే. సుజాత. బిడ్డకు పాలిస్తున్నది, పాలు గడ్డ కట్టినా పోయింది. ఈ పెద్దమ్మ. పళ్లు టకటక కొట్టుకుంటుంటే నాకు ఇనబడొద్దని కొంగు నోట్ల కుక్కుకున్నది..."

ఒక్కొక్కరినే చెప్పింది, పన్నెండు మందినీ. పేరు వచ్చినప్పుడల్లా ఆ మనిషి తల ఎత్తింది. ఎవరి చెట్టు కింద ఎవరు పువ్వు ఏరారో లోకానికి తెలిసిపోయింది. దూలయ్య తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. నేనైతే నా కన్నీళ్లను మిర్చి ఘాటు మీద నెట్టేశాను.

మేనేజరు మెత్తగానే అన్నాడు. "మంచిది. దొంగ హాజరు వేసిన పన్నెండు మందీ, ముత్తక్కతో కలిపి పదమూడు, ఈరోజుతో పనిలో లేరు. కోటేషూ, వాళ్ల బిళ్లలు తీసెయ్."

అందరూ నా వైపు తిరిగారు. చెక్క మీద పంతొమ్మిదో బిళ్ల గాలి లేకుండానే కొద్దిగా ఊగింది. కోతల కోటేషుకు జీవితంలో పనిగంటల కోత అడగడం మాత్రం రాలేదు. ఆ పొద్దు నోరు తెరిస్తే ఏ జోకూ రాలేదు.

"సార్, ఆ బిళ్లలు మారేటప్పుడు చూసింది నేను. చూసి రాయంది నేను. మంగమ్మ సూదులన్నప్పుడు దబ్బనమన్నది నేను. నవ్వింది మీరు."

బిళ్లలు తీశాను. పదమూడే కాదు, పై వరసలో ఉన్న ముప్పై బిళ్లలూ తీశాను. తీసి, ఒక్కొక్కటే కింది మేకులకు తగిలించాను. లోపల. లోపల. లోపల. పంతొమ్మిదో బిళ్ల దగ్గరికి వచ్చేసరికి అది ముందే అక్కడుంది. దాన్ని మాత్రం కాసేపు చేత్తో పట్టుకున్నాను. ఎండలో వేలాడే ఇత్తడి, చల్లగా ఉంది.

జమ్లి అరిచింది. "తలుపు తెరువుండ్రి!"

భీమ్లా, హమాలీలు కలిసి చలిగది తలుపు జరిపారు. తెల్లటి ఆవిరి దొర్లుకుంటూ వరండాలోకి వచ్చింది. జమ్లి వెళ్లి సరిగ్గా గడప మీద కూర్చుంది, అటు వీపు ఇటు మొహం పెట్టుకుని. పక్కన పుష్పలత. పక్కన సుజాత. గడప నిండింది. తలుపు ఇక మూతపడదు. లోపలి చలిని చూపే గోడ మీటరులో అంకె ఐదు నుంచి ఆరుకు ఎక్కింది. అది ఎక్కేకొద్దీ లోపలి మిర్చి పాడవుతుంది.

మేనేజరు మెత్తదనం అప్పుడు పోయింది. "లెయ్యండే! గడప మీద కూర్చుంటారా? దరిద్రం!"

"దరిద్రం మా దగ్గర శానా ఉన్నది సారూ," అంది జమ్లి. "జర మీకు పంచుదమని వచ్చినం."

నవ్వులు లేచాయి. నా జోకుకు కాదు. ఆ నవ్వు నన్ను పొడవలేదు.

అరగంట కాగానే గడప మీది ఆడవాళ్లు లేచారు, వెనక వరసవాళ్లు కూర్చున్నారు. అడిగిన వంతులు అక్కడే అమలు చేసి చూపించారు. గడప దాటితే చావు, దాటకపోతే ఆకలి అన్నట్టు రోజులు గడిపినవాళ్లు గడపనే పట్టుకున్నారు. ముత్తక్కను మాత్రం గడప దగ్గరకు రానివ్వలేదు. షెడ్డు నీడలో పట్టా పరిచి, నీళ్ల సీసా ఇచ్చి కూర్చోబెట్టారు. "నీ చెట్టు కింద మేం ఏరుతం, నువ్వు నీళ్లు తాగు," అంది పుష్పలత, ఈసారి అందరికీ వినబడేలా.

మీటరు పదకొండుకు వచ్చింది. మేనేజరు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. పదమూడుకు వచ్చాక కాగితం పట్టుకుని షెడ్డులోకి వచ్చి ముత్తక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ మనిషి నేల మీద కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

"రాశానమ్మా. ముత్తక్కకు షెడ్డులో నాలుగు గంటలు. మానవతా దృష్టితో. సంతకం కూడా పెట్టా. వాళ్లను లేవమను."

ఆమె కోరింది అదే. అడగడానికి వచ్చింది అదే. కాగితం చేతిలోకి తీసుకుంది. చేతి వేళ్లు వాచి ఉన్నాయి.

"నా ఒక్కదాని పేరే ఉన్నది సారూ."

"నీకేగా రోగం?"

"మా అక్కకు కూడ ఉండె. మా ఊళ్ల ఇంకెందరికి ఉన్నదో. రేపు నీ గేటుకు వచ్చే పిల్లకు ఉంటదో ఏమో. ఆ పిల్ల బదులు దొంగతనంగ లోపలికి పోనీకి మాకు ఇంక ఓపిక లేదు. అందరి పేరు మీద రాయి." కాగితం తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన రాయలేదు. పావుగంటలో జీపూ, వెనక వ్యానూ వచ్చాయి. ఎస్సై దిగాడు. ముందు భీమ్లాను ఎక్కించారు, తర్వాత నన్ను. కానిస్టేబుల్ నా చొక్కా కాలరు పట్టుకుంటే, "మెల్లగ సార్, కాలర్ ఒకటే ఉన్నది, కాలర్‌ట్యూన్ ఐతే మార్చుకోవచ్చు," అన్నాను. అతనికి నవ్వొచ్చి ఆపుకున్నాడు. అలవాటు చావదు.

వ్యాను కిటికీ జాలీలోంచి చూస్తున్నాను. ఎస్సై ఆడవాళ్లను లెక్కపెట్టుకుంటున్నాడు, గడప మీదా వరండాలో షెడ్డులో. ముప్పై. తర్వాత చెక్క దగ్గరికి పోయి కింది మేకుల బిళ్లలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మొహం మారింది.

"ముప్పై ఒకటున్నాయి. ఇంకొకామె ఏది?" తెరిచి ఉన్న చీకటి గదిలోకి చూశాడు. "లోపల ఎవరైనా ఉన్నారా?"

మేనేజరు నేల చూపులు చూశాడు. కానిస్టేబుల్ టార్చి తీశాడు గాని, గడప మీది ఆడవాళ్లను దాటి పోలేదు.

ముత్తక్క నీళ్ల సీసా పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని లేచి నిలబడింది.

"ఉన్నది సారూ. పంతొమ్మిదో నంబరు. మా అక్క. రెండేండ్ల నుంచి లోపల్నే డ్యూటీల ఉన్నది." చలిగది వైపు చెయ్యి చూపింది. "పోయి ఆమెను బయటికి తోలుకరాండ్రి. ఆమె వచ్చినంక మేం లేస్తం."

వ్యాను కదిలింది. మీటరు మీద అంకె నాకు కనిపించినంత వరకు ఎక్కుతూనే ఉంది.